పెళ్ళి బస్సు, అద్దె విమానం

మా పాత విమానంలో ముందు వరసల సీట్లు పీకేసిన రోజున, వాటి కాళ్ళు బిగించే లోహపు పట్టాల సందులో పసుపు బియ్యపు గింజలు కనిపించాయి. అక్షింతలు. ఎవరి పెళ్ళివో, ఏ ఊరివాళ్ళవో తెలియదు, ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఎవరి కంటా పడకుండా అక్కడే ఉండిపోయాయి. హైదరాబాదులో విమానాలు అద్దెకి తిప్పే ఒక కంపెనీలో నేను మరమ్మతుల ఇంజనీరుని. పెళ్ళివాళ్ళకీ, యాత్రలకు వెళ్ళేవాళ్ళకీ విమానం మొత్తంగా ఇస్తాం. ఆ గింజలు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. పసుపు వాసన ఎప్పుడో పోయింది, విమానం తాగే కిరసనాయిలు వాసనే మిగిలింది. అయినా అవి చేతిలో పడగానే నాకు తెనాలిలో మా అమ్మ చీపురు చప్పుడు వినిపించింది.

మా నాన్న తెనాలిలో పెళ్ళి బస్సు డ్రైవరు. బస్సు ఓనరుగారిదే అయినా ఊళ్ళో అందరూ దాన్ని ఏసుదాసు బస్సు అని నాన్న పేరుతోనే పిలిచేవాళ్ళు. మాఘమాసం వచ్చిందంటే నాన్న మాకు చుట్టపుచూపుగా తప్ప కనిపించేవాడు కాదు. ముహూర్తాలు లేని రోజుల్లో కొలకలూరు చర్చివాళ్ళని సభలకు తీసుకెళ్ళేవాడు, డిసెంబరు చలిలో క్రిస్మస్ పాటలవాళ్ళని ఊరూరా తిప్పేవాడు. స్టీరింగు ముందు మా చిన్న సిలువ ఉండేది. పెళ్ళివాళ్ళు అద్దానికి నిమ్మకాయలు, మిరపకాయలు, మామిడాకులు కట్టేవాళ్ళు, నాన్న వేటినీ విప్పేవాడు కాదు. పాస్టరుగారు అడిగితే, "వాళ్ళ పెళ్ళి వాళ్ళ ముచ్చటండి, ఎండిపోతే అవే రాలతాయి" అని నవ్వేసేవాడు.

తెల్లారి బస్సు వచ్చి మా సందు మొగలో ఆగేది. అమ్మ కొంగు బిగించి, చీపురూ బకెట్టూ పట్టుకుని ఎక్కేది, వెనకాల నేనూ చెల్లీ. లోపల వాడిన మల్లెపూలూ, డీజిలూ, నలిగిన పట్టుచీరల సెంటూ, ఏ పిల్లాడో కక్కుకున్న పులిహోరా, ఆకుల్లో మిగిలి పులిసిన వంకాయ కూరా అన్నీ కలిసిన ఒక బరువైన వాసన కొట్టేది. ఇప్పుడెవరైనా దాన్ని సీసాలో పోసి అమ్మితే జీతమంతా పెట్టి కొనుక్కుంటాను. సీట్ల కింద కనకాంబరాలు, తలపిన్నులు, ఒంటి చెప్పులు, బూందీ పలుకులు, ఎక్కడ చూసినా అక్షింతలు. బూందీ మాది, అక్షింతలు కోళ్ళవి. ఏ సీటు ఊగుతుందో, ఏ కిటికీ అద్దం మొరాయిస్తుందో అమ్మకి నాన్నకంటే బాగా తెలుసు. కానీ ఒక్కసారి కూడా ఆ సీట్లలో కూర్చుని ఎక్కడికీ పోలేదు. అద్దె బస్సు ఎప్పుడూ పరాయివాళ్ళతోనే నిండి ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని బాపట్ల సముద్రం దాకా వెళ్ళి రావాలని అమ్మకి కోరిక. అడిగినప్పుడల్లా నాన్న "ఈ సీజను అవనీవే సుగుణా" అనేవాడు. సీజను అయ్యేది, ఇంజను పని పడేది, మళ్ళీ సీజను వచ్చేది.

బస్సుకో బలహీనత ఉండేది. రేపల్లె దాటి పెనుమూడి రేవుకి వెళ్ళాలంటే కృష్ణ కరకట్ట ఎక్కాలి, నిండు బస్సు ఆ ఎత్తు ఎక్కలేకపోయేది. అందుకని కట్ట మొదట్లో మగవాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే దిగిపోయి, పంచెలు ఎగ్గట్టి పక్కన నడిచేవాళ్ళు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి వాళ్ళని ఆటపట్టించేవాళ్ళు. కట్ట మీదికి రాగానే అందరూ ఎక్కి, ఏమీ జరగనట్టే కబుర్లు అందుకునేవాళ్ళు. అది బస్సుకి అవమానమని ఎవరూ అనుకోలేదు. రేపల్లె వైపు పెళ్ళంటే కాసేపు నడవాలి, అంతే. నాన్న ఇంటికొచ్చి ఎవరెలా నడిచారో నటించి చూపిస్తుంటే అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది.

తరవాత కాలం మారింది. బస్సు అడగడానికి వచ్చినవాళ్ళు "వీడియో ఉందా? సీటు వెనక్కి వాలుతుందా?" అనడం మొదలుపెట్టారు. డీజిలు ఎక్కువ తాగుతోంది, విడిభాగాలు విజయవాడలోనూ దొరకడం లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలంటే చేయించాల్సిన పని బస్సు ఖరీదుని మించిపోయింది. ఓనరుగారు చెడ్డవాడేం కాదు. కొత్త బస్సు కొని, దాని తాళాలు నాన్న చేతిలోనే పెట్టాడు. దాని మొదటి పెళ్ళి కూడా పెనుమూడి వైపే. కట్ట మొదట్లో వేగం తగ్గగానే పెద్దవాళ్ళంతా అలవాటుగా దిగిపోయారు. కొత్త బస్సు ఒక్క ఊపున పైకి వెళ్ళిపోయింది, వాళ్ళు కింద నిలబడి చేతులూపుతూ ఉండిపోయారు. నాన్న ఆ సంగతి చెప్పి మమ్మల్ని బాగా నవ్వించాడు. నవ్వి నవ్వి ఊరుకున్నాక, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

పాత బస్సు కొన్నాళ్ళు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. అమ్మ మాత్రం అప్పుడప్పుడూ వెళ్ళి ఊడ్చి వచ్చేది. చివరికి బాపట్ల అవతల తుక్కు కొనే ఆయనకి బేరం కుదిరింది, నాన్నే తోలుకెళ్ళి అప్పగించాలి. ముందురోజు నాన్న గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పకుండానే, "రేపు బస్సు ఖాళీగానే వెళ్తది. వస్తావా?" అన్నాడు.

అమ్మ చర్చికి కట్టుకునే నీలం చీర కట్టుకుంది. టిఫిన్ క్యారియర్‌లో చింతపండు పులిహోర పెట్టింది. ఎక్కి, ఒక్కో సీటు మీదా చెయ్యి వేసుకుంటూ వెళ్ళి, ఆఖరి వరసలో కిటికీ పక్కన కూర్చుంది. నేనూ చెల్లీ ఖాళీ బస్సంతా మాదేనని సీటు సీటుకీ మారుతూ గోల చేశాం. చుండూరు దగ్గర వరి కోతలు, గడ్డి వాసన. పొన్నూరు దాటాక అమ్మ నిద్రపోయిందనుకున్నాను, కానీ కళ్ళు తెరిచే ఉంది. బాపట్లకి ముందు ఒక కాలవ వంతెన, దానికి కాస్త ఎత్తు. ఖాళీ బస్సుకి అదొక లెక్క కాదు. అయినా అమ్మ లేచి, "ఆపయ్యా, నేను దిగుతా" అంది.

"ఎందుకే, ఎక్కుద్దిలే."

"ముసలిది. దిగుతాను."

నాన్న బ్రేకు వేశాడు. అమ్మ దిగి, కుచ్చిళ్ళు పైకి పట్టుకుని వంతెన మీద నడిచింది. నాన్న బస్సుని ఆమె పక్కనే, ఆమె నడక వేగంలోనే తోలాడు. నేను కిటికీలోంచి చూస్తే అమ్మ ఒక చెయ్యి బస్సు రేకు మీద ఆనించి ఉంది. సముద్రం చూశాం, పులిహోర తిన్నాం, తుక్కు దుకాణంలో బస్సు వదిలేసి రైలెక్కి వచ్చాం. నాన్న ఏడవడం నేను చూసింది ఆ రోజే.

ఇప్పుడు మా విమానం సంగతీ అంతే. ఇంధనం విపరీతంగా తాగుతుంది, భాగాలు దొరకవు, రాబోయే పెద్ద తనిఖీకి అయ్యే పని దాని విలువని మించిపోయింది, అద్దెకు అడిగేవాళ్ళు ముందు ఏ సంవత్సరం తయారీ అంటున్నారు. దాన్ని ఆపేయాలని కాగితం మీద రాసిచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ లెక్కలో తప్పు లేదు, బాధ ఉంది. కొత్తది వచ్చేసింది, దాని పట్టాల సందుల్లో ఇంకా ఒక్క గింజా లేదు. పెనుమూడి దగ్గర ఇప్పుడు కృష్ణ మీద వంతెన ఉంది, ఎవరూ కట్ట దగ్గర దిగి నడవరు. అమ్మ పోయింది. విమానం ఎప్పుడూ ఎక్కలేదు.

తెనాలిలో చెల్లి దగ్గర ఉండే నాన్నకి ఫోన్ చేసి, విమానాన్ని విప్పేసే చోటికి పంపిస్తున్నామని చెప్పాను.

"మనోళ్ళెవరన్నా ఎక్కారా అమ్మా దాంట్లో?"

"లేదు నాన్నా."

"మరి నువ్వెక్కు."

ఆ ఆఖరి ప్రయాణంలో పైలట్లు కాక ఒక ఇంజనీరు కూడా వెళ్ళాలి. నేను వెళ్తానన్నాను. మిగిలిన సీట్లలో ఆఖరి వరసకి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. విమానం నేల వదిలింది. ఇంజన్ల మూలుగు నాకు అలవాటైనదే, కానీ ఆ రోజు వినలేకపోయాను. ఇక్కడ దిగి నడిచే వీలు లేదు కదా. రెండు పాదాలూ కింద ఆనకుండా పైకెత్తి, మబ్బులు దాటేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.