పక్కింటి మోటరు

జగ్గయ్యపేటలో గాజుల కొట్టు నడిపే బాలామణికి తన చెవి మీద గొప్ప నమ్మకం. డజను గాజులు చేత్తో ఒక్కసారి ఆడించి, బీట వారింది ఏదో చెప్పేస్తుంది. అందుకే ఎడమ చెవిలో పగలూ రాత్రీ ‘గుస్సు... గుస్సు’ మని చప్పుడు మొదలైనప్పుడు, లోపం తన దగ్గరే ఉందేమోనన్న అనుమానమే రాలేదు. పక్కింటి సీతారావమ్మ నీళ్ల మోటరుదని తేల్చేసింది. సీతారావమ్మ పాపం మోటరును పెరటి అవతలి మూలకు మార్పించింది. అయినా చప్పుడు ఆగలేదు. “కావాలనే చేస్తున్నావు వదినా!” అని వీధంతా వినేలా అరిచి, బాలామణి మాటలు మానేసింది.

నందిగామ డాక్టరు ఇచ్చిన చుక్కలు పని చెయ్యలేదు. నాలుగు నెలలకు తలనొప్పి తోడై, చూపు మసకబారితే విజయవాడ వెళ్లక తప్పలేదు. భర్త కనకయ్యకు ఆసుపత్రి వాసనకే కళ్లు తిరుగుతాయి. తోడు ఎవరని అనుకుంటుండగానే, పిలవకుండా సంచీ సర్దుకుని ఆటో ఎక్కి కూర్చుంది సీతారావమ్మ.

డాక్టరు యశస్విని స్కానింగులు చూసింది.

“మెదడు మీది పొరలో ధమని నేరుగా సిరలో కలిసిపోయిందమ్మా. ఆ ఒత్తిడికి నెత్తురు మెదడు వైపు ఎదురు తంతోంది. వదిలేస్తే లోపల చిట్లొచ్చు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, ఆ దారిని జిగురులాంటి మందుతో మూసేస్తాం. అందులోనూ ప్రమాదం లేకపోలేదు. మాట పడిపోవచ్చు.”

బాలామణి ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుంది. “ఆ చప్పుడు నాకొక్కదానికే కదండీ వినపడేది?”

డాక్టరు ఆమె చెవి వెనక స్టెతస్కోపు ఆనించి విన్నది. తర్వాత దాన్ని సీతారావమ్మ చెవులకు తగిలించింది.

“అమ్మ బాబోయ్! అచ్చం మా మోటరే కదే బాలా!”

బాలామణి తల ఎత్తలేకపోయింది.

మర్నాడు పొద్దున స్ట్రెచర్ కదులుతుంటే బాలామణి, సీతారావమ్మ చెయ్యి పట్టుకుంది. “వదినా, ఆ రోజు నేను...”

“ముందు వెళ్లి రా. వచ్చాక మళ్లీ తిట్టుకుందువుగాని.”

“మాట రాకపోతే?”

స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బాలామణి ఊపిరి బిగబట్టి వింది. గుస్సుమని చప్పుడు! తీరా చూస్తే చేతికి కట్టిన బీపీ పట్టీ గాలి పోసుకుంటోంది. అది ఆగాక అంతా నిశ్శబ్దం. కానీ తన చెవిని తాను ఎలా నమ్మడం?

డాక్టరు వచ్చి చెవి వెనక విన్నది. స్టెతస్కోపు సీతారావమ్మకు ఇచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. ఇంకా వింటోంది.

“ఏమైంది వదినా? చెప్పి చావవేం?” తన మాట తనకే స్పష్టంగా వినపడి బాలామణి ఉలిక్కిపడింది.

“మోటరుకు కరెంటు పోయిందే,” అంది సీతారావమ్మ కళ్లు తుడుచుకుంటూ.