తెల్లగా మిగిలిన చెయ్యి

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులొస్తే కార్ఖానా బస్తీలో మా వీధి పిల్లలందరం సుగుణ టీచరు గారి వరండాలో తేలేవాళ్లం. రిటైరైనా ఆవిడ పిల్లల్ని వదల్లేదు. పిల్లలే ఆవిడను వదల్లేదని మా నాన్న అనేవాడు.

చాప పరిచి, సత్తుపళ్లేల్లో రంగులు కలిపి బొమ్మలు వేయించేవారు. బ్రష్షులు తక్కువ... అందుకని బెండకాయ అడ్డంగా కోసి, రంగులో ముంచి అద్దేవాళ్లం. అచ్చు పువ్వులా పడేది. ఆ సెలవులన్నాళ్లూ మా ఇళ్లలో బెండకాయ కూరకు కరువే.

మా తమ్ముడు చిన్నా కూడా వచ్చేవాడు. వాడికి మాటలు తక్కువ, మనుషులతో పని ఇంకా తక్కువ. చేతికి తడి తగిలితే మాత్రం వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేవాడు. అంతకుముందు పంపిన బడిలో వారం తిరక్కుండానే "మా వల్ల కాదమ్మా" అని ఇంటికి పంపేశారు. టీచరు గారు మాత్రం వాడినీ, వాడిలాంటి మరికొందరినీ మా మధ్యనే కూర్చోబెట్టేవారు. దానికొక పేరుందని అప్పుడు మాకు తెలియదు. "వాడంతే" అనుకునేవాళ్లం... సరిపోయేది.

చివరి రోజు పెద్దవాళ్లు చూడ్డానికి వచ్చేవారు. ఆ ఏడు ఒక తెల్ల దుప్పటి మీద పిల్లలందరి చేతి అచ్చులూ వేయించి గోడకు కడతానన్నారు టీచరు గారు. అమ్మ వాడకట్టంతా చెప్పుకొచ్చింది. "మా చిన్నాది సుత ఉంటది, జెర వచ్చి చూడుండ్రి" అని. వాడి గురించి అమ్మ నలుగురినీ పిలిచి చెప్పుకోవడం అదే మొదటిసారి.

ముందు రోజు దుప్పటి నేల మీద పరిచారు. అందరం చేతులు ముంచి అద్దాం. చిన్నా వంతు వచ్చేసరికి, రంగు పళ్లెం చూడగానే చేతులు రెండూ వీపు వెనక దాచేసుకున్నాడు.

సాయానికి వచ్చిన మా పక్కింటి ఆంటీకి ఓపిక తక్కువ. "గింతదానికి పరేషాన్ ఏందీ? నేను పట్టుకుంటా, మీరు ముంచుండ్రి" అంది.

"వద్దమ్మా. చెయ్యి వాడిది కదా" అన్నారు టీచరు గారు. పళ్లెం దూరంగా జరిపేశారు.

నాకు అమ్మ ముఖమే కళ్ల ముందు మెదిలింది. అందరినీ పిలిచేసింది కదా...

కాసేపటికి చిన్నా తనే వచ్చి, మేం చేసినట్టే, పొడి చెయ్యి దుప్పటి మీద ఆనించాడు. తీయలేదు. టీచరు గారు ఒక సన్న బెండకాయ ముక్క నా చేతిలో పెట్టారు. ఊపిరి బిగబట్టి, తడి తగలకుండా వాడి వేళ్ల చుట్టూ నీలం పువ్వులు అద్దాను. మిగతా పిల్లలూ చేరారు. వాడు కదలకుండా చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి తీస్తే... పువ్వుల మధ్య తెల్లటి చెయ్యి మిగిలింది.

మర్నాడు అమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. గోడ మీద ఎర్ర చేతులు, పచ్చ చేతులు అన్నీ వెతికింది. "మనోడిది యాడుందే?" అని గొంతు తగ్గించి నన్నడిగింది. నేను చూపించేలోపే చిన్నా అమ్మ కొంగు వదిలి వెళ్లి, ఆ తెల్లటి చోట తన చెయ్యి పెట్టాడు.

సరిగ్గా పట్టింది. అమ్మ ఏడ్చింది. పక్కింటి ఆంటీ కూడా ఏడ్చింది... ఆవిడకెందుకో మరి!

టీచరు గారు ఆ దుప్పటి అమ్మకే ఇచ్చేశారు. ఉతికితే రంగు పోతుందని అమ్మ ఇప్పటికీ దానికి నీళ్లు తగలనివ్వలేదు.

మొన్న మా పాప బేగంపేటలో సమ్మర్ క్యాంపుకి వెళ్లింది. ఏసీ గది, ఒక్కొక్కరికీ ఒక్కో రంగుల డబ్బా. కాగితం మీద చెయ్యి బొమ్మ ముందే అచ్చేసి ఉంటుంది, గీత దాటకుండా రంగు నింపితే చాలు. చేతికి మరక కాదు, నేలకు మరక కాదు. తప్పు పట్టడానికేమీ లేదు.

ఇప్పుడు నాకంటే పొడుగైన చిన్నా, పాప ఇంటికి తెచ్చిన ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఎవరిది?" అని అడిగాడు.

మీ ఇంట్లో కూడా ఉతక్కుండా దాచుకున్న గుడ్డ ఏదైనా ఉందా? ఉంటే, అది ఎవరిదో చెప్పండి.