బాతులు దిగిన వైపు

నా చిన్నప్పుడు వెల్గటూర్ దగ్గర గోదావరిలో రాళ్లవాన పడిన రోజు సంగతి మా బంధువులందరికీ తెలుసు. మా అన్నయ్య చెప్పగా తెలుసు. నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పోయిన నెల కోరుట్ల పెళ్లిలో కూడా బంతి మధ్యలో ఆయన అదే మాట: "వీడు నన్ను ఇడిసిపెట్టి ఉరికిండు." అందరూ నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

జరిగింది ఇది. శివరాత్రి దాటిన రోజులు. చలికాలమంతా ఏటి ఒడ్డున గడిపిన చారల తల బాతులు ఆ పొద్దున గుంపుగా ఉత్తరానికి లేచాయి. అన్నయ్య, నేను, మా వాడలో కల్లు గీసే తాత ఎండిన ఏటి ఇసుకలో పుచ్చకాయ తోటకు నడుస్తున్నాం. అవతలి గట్టు ఇంకాస్త దూరం ఉందనగా బాతులు వెనక్కి వచ్చాయి. ఆ గట్టు కిందే దిగి, గట్టుకేసి మొహాలు పెట్టి, కిక్కురుమనకుండా ఒదిగాయి. గట్టు వెనక ఆకాశం నల్లబడింది. గాలి స్తంభించింది.

తాత కల్లు కుండను ఇసుకలో వదిలేశాడు.

"రాళ్లవాన అత్తుంది. బాతులున్న కాడికే ఉరుకుండ్రి!"

"మబ్బు దిక్కే ఉరుకుమంటవేంది తాతా? ఇల్లు గిటుంది," అన్నాడు అన్నయ్య.

"గాలి గటు నుంచే అత్తది కొడుకా. గా గట్టు అడ్డముంటది. గీ ఇసుకల నీ నెత్తి తప్ప ఏముంది?"

అన్నయ్య ఇంటివైపు పరుగెత్తాడు. తాత నా రెక్క పట్టి లాగుతుంటే వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాను. "అన్నా, గటు పోకు! ఇటు రాయే!"

అన్నయ్య ఆగాడు. తిరిగి చూశాడు. మళ్లీ పరుగెత్తాడు.

గట్టు కింద తాత నా మీద వంగి కూర్చున్నాడు. నిమ్మకాయలంత వడగళ్లు మా మీదుగా పోయి ఇసుకలో పడ్డాయి. పది అడుగుల దూరంలో బాతులు కదల్లేదు. రాళ్ల మోతలో అన్నయ్య అరుపు కోసం వెతుక్కున్నాను. వినపడలేదు. చచ్చిపోయాడనుకున్నాను. వాన వెలిశాక తాత ఆయన్ని వీపున వేసుకొచ్చాడు. భుజం ఎముక విరిగింది, ప్రాణం మిగిలింది.

ఇప్పటికీ ఎండాకాలం ముందర పిట్టలు పట్టపగలు కిందికి దిగితే ఆగిపోతాను. అవి ఎటు మొహం పెట్టాయో చూడకుండా అడుగు వేయలేను.

అన్నయ్యా, దెబ్బ నీదే, కాదనను. కానీ ఆ ఇసుకలో ఆగి నా మొహం చూశావు. నా పిలుపు నీకు వినబడిందా, లేదా? పెళ్లిలో అన్నట్టే నలుగురి ముందు చెప్పు.