పలకలేకపోయిన పేరు

మా ఊరి బళ్ళో ఏడో తరగతి ప్యాసైన మొదటివాణ్ణి నేనే. నలభై ఏళ్ళు ఊరందరికీ పత్రిక చదివి వినిపించాను, ఎక్కడా తడబడలేదు. ఆ రోజూ గంభీరంగానే చదివాను: "కుమాసి పట్టణమునకు పోవు లారీ నదిలో పడి అందరూ మరణించిరి. కెంకే అను మొక్కజొన్న ముద్ద కొనుటకు దారిలో దిగిన ఒక ప్రయాణికుడు దైవవశాత్తు బ్రతికెను." పేరు వేయలేదు. ఆ లారీ ఎక్కిన మా ఊరివాళ్ళు ఇద్దరే, అరబా భర్త, ఎకువా భర్త.

"మా ఆయనకి ఆకలెక్కువ పెద్దయ్యా, దిగింది ఆయనే," అంది అరబా.

"మీ ఆయన్ని కదపాలంటే మోకేసి లాగాలి! దిగింది మా ఆయనే," అంది ఎకువా.

ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని రోడ్డు పక్కకి వచ్చి కూర్చున్నారు.

సాయంత్రం రోడ్డు మీద దూరంగా ఒక మనిషి కనిపించాడు. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

"ఎవరో మీరే చెప్పండి, పెద్దయ్యా."

అతన్ని గుర్తుపట్టాను. ఆ ఒక్క పేరు పలకడానికి నాకు నోరు రాలేదు.