గంగమ్మ రాయి ముందు అన్న మాట

ముసలమ్మకు ఆ పేరు పుట్టినప్పుడే పెట్టారు. అమ్మవారి పేరు. అందుకని పదహారేళ్ళప్పుడూ ముసలమ్మే, యాభై దాటిన ఇప్పుడూ ముసలమ్మే. ముత్తుకూరుకు తూర్పున, పోర్టు దీపాలు కనిపించేంత దూరంలో ఉన్న పాలెంలో చేపలు ఎండబెట్టి అమ్ముకుని బతికే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. భర్త ముత్యాలయ్య కామెర్లతో పోయేనాటికి కొడుకు సుధాకర్ చంకబిడ్డ. వాణ్ణి తాను పెంచానని ఆమె ఏనాడూ చెప్పుకోలేదు. మిట్ట పెంచింది అంటుంది.

మిట్ట అంటే ఊరికీ సముద్రానికీ నడుమ ఉన్న ఎత్తైన ఇసుక నేల. అక్కడ వాననీళ్ళు నిలవవు, గాలి ఆగదు. పడవలు తెచ్చిన కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలను ఆడవాళ్ళు పాత వలల మీద పరిచి అక్కడే ఎండబెడతారు. ఎవరి జాగా ఎంతవరకో ఎవరూ గీత గీయలేదు, తగువూ రాలేదు. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం అది సర్కారు పోరంబోకు. ఊరందరిదీ అయిన నేలను ఎవరిదీ కాదని రాసుకోవడం ఆఫీసులకు అలవాటే.

ఆ నేలను గోదాములు కట్టే ఒక కంపెనీకి సొంత హక్కులతో రాసివ్వాలని ప్రతిపాదన వచ్చింది. ఇచ్చేముందు ఊరివాళ్ళ అభిప్రాయం అడగాలట, అది నియమం. కంపెనీ తరఫున తిరిగే నరేంద్రబాబు వచ్చి, షామియానా, కుర్చీలు తానే తెప్పిస్తానని, ఎక్కడ వేయించమంటారని మర్యాదగా అడిగాడు. ఊరి పెద్దకాపు పోలేరయ్య తడుముకోకుండా చెప్పాడు, గంగమ్మ రాయి ముందని. ఏ సంగతి తేల్చాలన్నా ఊరు కూర్చునేది అక్కడే మరి.

ఆ రాయి ముందు ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీదికి పోయే వాళ్ళ ఇళ్ళలో ‘లేదు’, ‘వద్దు’ అన్న మాటలు వినిపించవు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. ఇక గంగమ్మ ఎదుట ఆ మాటలు అసలే పలకరు. పెద్దకాపు ఒక సంగతి అడిగితే, ఇష్టమైతే ఊరంతా ‘సరే’ అంటుంది. ఇష్టం లేకపోతే ఒక్కరూ నోరు విప్పరు. కాసేపు కూర్చుని, బట్టలకంటిన ఇసుక దులుపుకుని లేచిపోతారు. ఆ సంగతి అంతటితో చచ్చినట్టే. ఊరు అలా ఊరకున్నాక ఇంకెవరైనా నోరెత్తితే ఊరి మాట తెంచినట్టు.

ముసలమ్మకు భయం పట్టుకున్నది ఇక్కడే. ఎండుచేపల మూట తీసుకుని ఆమె గూడూరు సంతకు పోతుంది. వాసనకు కండక్టరు ముఖం చిట్లించి వెనక సీటు చూపిస్తాడు. కొన్నేళ్ళ కిందట సంత కాంట్రాక్టరు ఎండుచేపల ఆడవాళ్ళందరినీ పోగేసి, మీరు మురుగుకాలవ పక్కకు పోతారా అని అడిగాడు. పాలేల నుంచి వచ్చిన వాళ్ళు గదా, కాదని చెప్పడానికి అందరూ ఊరకున్నారు. మరుసటి వారానికి వాళ్ళ చోట అరటిపళ్ళ బండ్లు నిలబడి ఉన్నాయి. “అడిగినా గదా, ఒక్కరన్నా కాదన్నారా?” అన్నాడు కాంట్రాక్టరు. అప్పటినుంచీ ఆమె అమ్మకం కాలవ గట్టునే.

విచారణకు ముందురోజు సాయంత్రం ఆమె పోలేరయ్య దగ్గరికి పోయింది. ఆయన గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

“అన్నా, రేపు నోరు తెరిచి చెప్పాల. మనం గమ్మునుంటే ఏందో వాళ్ళకి తెలవదు.”

పోలేరయ్య నవ్వాడు. “ఊరు ఊరంతా గమ్మునుంటే అంతకన్నా గెట్టి మాట ఏముంటది మే? కలెక్టరాఫీసోళ్ళకి చెవుల్లేవా?”

“చెవులుండాయిగాబట్టే చెప్తుండా. వాళ్ళకి అరిచేదే ఇనపడతాది.”

“గూడూరు పొయ్యి పొయ్యి బాగా గడుసుదేరినావు. పో, పొయ్యి కూరొండుకో. బిడ్డ వచ్చే యాళైంది.”

మర్నాడు షామియానా కింద అధికారి కూర్చున్నాడు. మంచివాడే, ఓపికగానే చదివాడు. ఇన్ని ఎకరాల ప్రభుత్వ భూమి, ఫలానా కంపెనీకి, యాజమాన్య హక్కులతో సహా బదలాయింపు. తర్వాత తలెత్తి అడిగాడు:

“ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు.”

ఊరు పలకలేదు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, అందరూ మోకాళ్ళు చుట్టుకుని కూర్చున్నారు. అంత నిండైన కాదనడం ఆ రాయి ముందు ఇదివరకెప్పుడూ జరిగి ఉండదు. చంటిపిల్లలను కూడా తల్లులు పాలకు పెట్టుకుని ఊరుకోబెట్టారు.

“భయపడకండి, చెప్పండి,” అన్నాడు అధికారి మళ్ళీ. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. నరేంద్రబాబు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“అభ్యంతరాలేవీ లేవని రాసుకోండి,” అన్నాడు అధికారి.

పక్కనున్న గుమాస్తా రాయడం మొదలుపెట్టాడు. పోలేరయ్య తృప్తిగా లేచి పంచెకంటిన ఇసుక దులుపుకున్నాడు. వెనకే ఊరంతా లేచింది. గెలిచామనుకుంటున్న ఆ ముఖాలను చూసింది ముసలమ్మ. రాయివైపు చూడలేక కళ్ళు మూసుకుంది.

“వద్దు!”

దులుపుకుంటున్న చేతులన్నీ ఆగిపోయాయి.

“ఎవరమ్మా అది? పేరు?” అడిగాడు గుమాస్తా.

“ముసలమ్మ.”

“వయసు తర్వాత. పేరు చెప్పు.”

కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

“అదే నా పేరు సారూ. ఈ మిట్ట ఇస్తే మా చేపలు యాడ ఎండాల? ఇయ్యం. ఊరంతా అదే చెప్పింది. మేం గమ్మునుండామంటే వద్దన్నట్టు.”

అధికారి ఆశ్చర్యపోయి పోలేరయ్య వైపు తిరిగాడు. “ఏమయ్యా పెద్దాయనా, ఈమె చెప్పేది నిజమేనా?”

ఊరు ఊరకున్నాక పెద్దకాపు నోరు మెదపకూడదు. పోలేరయ్య ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

అధికారి గుమాస్తాతో అన్నాడు: “ఒక అభ్యంతరం. రాయండి.”

ఆ సాయంత్రమే ఊరు మళ్ళీ కూర్చుంది. గంగమ్మ జాతర దాకా ముసలమ్మతో ఎవరూ మాట్లాడకూడదు, ఎండబెట్టడానికి ఆమెకు ఎవరూ చేప పోయకూడదు. పోలేరయ్య అడిగాడు. ఊరు ‘సరే’ అంది. పోలేరయ్య పడవ మీదే వేటకు పోయే సుధాకర్ కూడా ‘సరే’ అన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తినలేక లేచిపోయాడు.

అభ్యంతరం ఒకటి నమోదైంది గనక ఫైలు వెనక్కి వచ్చిందని, మళ్ళీ విచారణ పెడతారని కొన్నాళ్ళకు తెలిసింది. అందాకా మిట్ట జోలికి ఎవరూ రారు. ఆ కబురు విన్న ఊరు ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆమె నిలబెట్టిన నేల మీద అందరి చేపలూ ఎండుతున్నాయి, ఆమెవి తప్ప.

అయినా ముసలమ్మ పొద్దున్నే మిట్ట మీదికి వచ్చేది. తన చోట ఖాళీ వల పరిచి, దాని పక్కన కర్ర పట్టుకుని కూర్చునేది. కాకులు పక్కవాళ్ళ చేపల మీద వాలితే తోలేది. ఇన్నేళ్ళుగా చేతికి పట్టిన పని, మానుకోమంటే మానదు.

జాతర ఇంకా దూరం ఉండగా ఒక మధ్యాహ్నం గాలి చప్పున తిరిగింది. తూర్పున మబ్బు నల్లగా దిగింది. ఆడవాళ్ళు ఇళ్ళలోంచి పరిగెత్తుకొచ్చేసరికి ముసలమ్మ ఒంటరిగా వలలు లాగుతోంది, ఎవరివని చూడకుండా. తడిసిన చేప కుళ్ళుతుంది, అంతే ఆమె లెక్క.

పోలేరయ్య కోడలు మహాలక్ష్మి తన వల ఒక పక్క పట్టుకుంది. అది బరువుగా ఉంది, గాలికి లేస్తోంది, చేపలు జారిపోతున్నాయి. చుట్టూ చూసింది. దగ్గరున్నది ముసలమ్మ ఒక్కతే.

“అత్తా, ఆ మూల పట్టుకో!”

మాట వచ్చేసింది. మిట్ట మీద ఆడవాళ్ళంతా విన్నారు. అప్పుడే తీరం వైపు నుంచి వచ్చిన పోలేరయ్య కూడా విన్నాడు. మహాలక్ష్మి వల వదల్లేదు. ముసలమ్మ మూల పట్టుకుంది. ఇంకో మూల గాలికి కొట్టుకుంటుంటే పోలేరయ్య వచ్చి దాన్ని కాలితో తొక్కి, వంగి పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి వలను మిట్ట అంచున ఉన్న పాక కిందికి చేర్చారు.

పాక మీద వాన దబదబా పడుతోంది. పోలేరయ్య వానవైపే చూస్తూ, తలతిప్పకుండానే అడిగాడు.

“మళ్ళా వస్తారంటనా ఆ సారోళ్ళు?”

“వస్తారు.”

“రాయి ముందర ఆ మాట... నోరెట్టా వచ్చింది మే నీకు?”

ముసలమ్మ తడి కొంగు పిండుకుంది.

“రాలేదన్నా. తెచ్చుకున్నా.”