గంగమ్మకు ఒప్పజెప్పే ముందు

మా మల్కాపురం నుంచి భీమిలి వైపు వెళ్ళాలంటే తెల్లవారగానే బయలుదేరడం మంచిది. ఆలస్యమైతే బస్సులో నిలబడడానికి కూడా చోటుండదు. నేను ఆరు గంటలకు ఎక్కి, విశాఖ బస్టాండు కాంప్లెక్సులో దిగి, అక్కడే ఇడ్లీ తిని, బోర్డు చదువుకుని భీమిలి బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమే కానీ ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోవాలి.

గాయపడిన వన్యప్రాణులకు వైద్యం చేసే కేంద్రంలో నెల రోజుల శిక్షణకు వెళ్తున్నాను. చలికాలం చివర మా ఒడ్డుకు చచ్చిన తాబేళ్ళు కొట్టుకొస్తాయి. తాబేళ్ళను కాపాడే పనికి రేవుల్లో ఉండే ఆడవాళ్ళు కావాలన్నారు, కాస్త రాయడం వచ్చి ఉండాలన్నారు. యాభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను కనుక పేరిచ్చాను.

పక్క సీట్లో చేపలమ్మే ముసలమ్మ ఎక్కడికని అడిగితే చెప్పాను.

"తాబేలుకి వైద్దిగమా? ముందు నా మోకాలు సూడమ్మా. ఆటికన్నా నానే ముసిల్దాన్ని," అంది. ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు.

ఋషికొండ దాటాక దిగి, సముద్రం వైపు కొంచెం నడిస్తే కేంద్రం వస్తుంది. ఇద్దరికో గది ఇస్తారు. భోజనం అక్కడే. డాక్టరు సునీత మా అమ్మాయి కంటే చిన్నది. మొదటి రోజే చెప్పింది: ఇక్కడ జంతువులతో మాట్లాడకూడదు, వాటికి పేర్లు పెట్టకూడదు, మనిషికి అలవాటు పడితే అవి అడవిలో బతకవు. అలల హోరు మీద అరిచి మాట్లాడే జాతి మాది. గాలిపటం దారానికి రెక్క తెగిన గద్దకు నీళ్ళు పెడుతూ "తాగు తల్లీ" అనేశాను. డాక్టరమ్మ పెదవి మీద వేలు పెట్టింది.

తాబేళ్ళ పాఠం రెండో వారంలో చెప్పింది. వలలో ఊపిరాడని తాబేలు చచ్చినట్టు పడి ఉంటుంది. వెంటనే నీళ్ళలో వదిలితే మునిగిపోతుంది. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం ఎత్తులో ఉంచి, లోపలి నీరు కారేదాకా నీడన ఉంచాలి. మా రేవులో వలలో తాబేలు పడితే దేవుడే వచ్చాడంటారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, క్షణం ఆలస్యం చెయ్యకుండా సముద్రంలో వదిలి గంగమ్మకు ఒప్పజెప్తారు.

మరుసటి వారం ఒక ఉదయం కేంద్రం పక్క రేవు నుంచి, వలలో తాబేలు పడిందని ఫోను వచ్చింది. డాక్టరమ్మ విశాఖలో ఉంది, ఆమెకు ఫోను చేశాను. "మీరు వెళ్ళండమ్మా, వాళ్ళని ఆపండి," అంది.

నేను చేరేసరికి పూజ అయిపోయింది. నలుగురు తాబేలును ఎత్తి నీళ్ళ వైపు నడుస్తున్నారు. దాని తల వేలాడుతోంది. నేను అడ్డం నిలబడ్డాను.

"నువ్వు మనోల్ల ఆడమనిసివే కదప్పా? దేవుణ్ని ఒడ్డున ఉంచమంతావేటి?" అన్నాడు ఎర్రయ్య. పడవ అతనిదే. మా వైపు అక్కను అప్ప అంటారు.

"ఇప్పుడొగ్గితే సచ్చిపోద్ది, తమ్ముడా. సాయంత్రం దాకా నాకిచ్చీ."

"ఇక్కడ సచ్చిపోతే?"

"నా వల్లే సచ్చిందని అనండి."

అనడానికి అనేశాను. అది ఒడ్డున చస్తే ఆ పాపం నాదే అంటారు. ఇంకెప్పుడూ ఆ రేవు నుంచి ఫోను రాదు.

పడవ నీడన బోర్లా పడుకోబెట్టి, తోక వైపు చెక్క ఎత్తు పెట్టాం. ముక్కు రంధ్రాల మీది పసుపును తడిగుడ్డతో తుడిచాను. నోట్లోంచి నీరు, నురగ కారాయి. ఎండ ఎక్కింది. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. "అప్ప దేవుడికి జోల పాడతంది," అన్నాడొకడు. ఎర్రయ్య వాణ్ణి కసిరాడు. డాక్టరమ్మ ఫోనులో చెప్పినట్టు కనురెప్ప దగ్గర వేలితో తాకుతూనే ఉన్నాను. మధ్యాహ్నం దాకా చలనం లేదు.

నీడ పొడుగయ్యాక ఒకసారి రెప్ప అదిరింది. ఇంకొంతసేపటికి తల పైకెత్తి, నోరు తెరిచి, ముసలివాడు నిట్టూర్చినట్టు పెద్ద ఊపిరి తీసింది. అందరూ లేచి దణ్ణం పెట్టారు. ఎర్రయ్య మాత్రం లేవలేదు.

"అప్పా," అన్నాడు మెల్లగా. "మా నాయినా, నానూ ఇన్నేల్లూ మొక్కి ఒగ్గినియ్యన్నీ..."

నేను తడిగుడ్డ పిండి తాబేలు వీపు మీద కప్పాను. ఆ తాబేలును కేంద్రానికి తీసుకెళ్ళి, రెండు రోజుల తర్వాత ఎర్రయ్య చేతులతోనే సముద్రంలో వదిలించాం.

నెల పూర్తయ్యాక మధ్యాహ్నం బస్సులో తిరిగి వచ్చాను. ఈ పని నేర్చుకోవాలనుకునే వాళ్ళు తప్పక వెళ్ళండి. పని కష్టమే కానీ మనుషులు మంచివాళ్ళు. కిటికీ అవతల సముద్రం చూస్తూ, మా రేవులో చెప్పాల్సింది మనసులో కూర్చుకున్నాను. పసుపు రాయండి, కొబ్బరికాయ కొట్టండి, అది కళ్ళు తెరిచేదాకా మాత్రం ఆగండి. ఇంతే, చిన్న మాట. కానీ ఈ మాట వినగానే మా పెద్దవాళ్ళంతా ఇన్నేళ్ళూ గంగమ్మకు ఒప్పజెప్పినవాటిని ఒక్కసారి వెనక్కి లెక్క చూసుకుంటారు. అప్పుడు వాళ్ళ ముఖాల్లోకి నేను చూడాలి.