ఆగిన నెత్తురు

కనకమ్మకు కోపమొస్తే ముసునూరు తోటల్లో కాకి కూడా వాలదని తోటి కూలీలు వేళాకోళమాడతారు. ఆడనీ. పోయినేడు ఆ కోపమే లేకపోతే ఆమె మొగుడు ఏడుకొండలు ఈపాటికి మంచానికి అతుక్కుపోయి ఉండేవాడు.

అప్పుడు చెట్టు మీదున్న అతని చేతిలోంచి మామిడికాయలు కోసే చిక్కం గడ జారిపడింది. దించి చూస్తే మూతి ఓ పక్కకు వంకరపోయింది, మాట ముద్దయింది. కాసేపటికి అంతా సర్దుకుంది. ఎండదెబ్బేనని అందరూ మజ్జిగ తాగమన్నారు. ఆ గ్లాసు విసిరికొట్టి కనకమ్మ అతన్ని విజయవాడ లాక్కెళ్లింది. మెదడుకు పోయే రక్తనాళం సన్నబడిందని, ఇంకోసారి వస్తే పక్షవాతమేనని డాక్టరమ్మ చెప్పింది. మందులకు లొంగుతుందేమో చూసి, లొంగకపోయేసరికి తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి ఆ ఇరుకును తెరిచి ఉంచే స్టెంటు వేసింది. అందులో రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్రలు ఒక్క పూటా మానొద్దని, చెట్టెక్కొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఈ ఏడు ఏడుకొండలు కింద నిలబడే కాయ కోస్తున్నాడు. కానీ ఆ మాత్రల వల్ల కొమ్మ గీరుకుంటే నెత్తురు ఓ పట్టాన ఆగదు. కాయల మీద పడుతుంది. తోట గుత్తకు తీసుకున్న నూజివీడు వ్యాపారి భాస్కరరావు, నెత్తుటి మరకలున్న కాయ ఎవడు కొంటాడని అందరి ముందూ కసురుకున్నాడు.

ఓ మధ్యాహ్నం కనకమ్మ రసాలు ఏరుతుంటే ఏడుకొండలు గంప దింపడానికి వచ్చాడు. ముంజేతి మీద పొడుగాటి గీరుడు, ఎండి నల్లబడి ఉంది. హమ్మయ్య అనుకుంది. మరుక్షణం కనకమ్మ అతని చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది.

"ఇదెప్పుడు గీరుకుంది?"

"ఇందాకే."

"ఇంతలోనే ఎట్టా ఆరింది? మాత్రలు మానేశావా?"

అతను చెట్టు వైపు చూశాడు. కోతలయ్యేదాకానేనని, ఒంట్లో ఏ తేడా లేదని గొణిగాడు.

"చేతి మీద ఆగిందని సంబరపడుతున్నావా? లోపల స్టెంటులోనూ అట్టాగే ఆగుద్ది. అప్పుడు నీకు అన్నం నేను తినిపించాలి, నీ మూతి నేను తుడవాలి."

చిన్నదానికి పని ఆపుతారేంటని భాస్కరరావు అడ్డొచ్చాడు. కనకమ్మకు ఒళ్లు మండిపోయింది.

"కాయ మీద మరక తుడిస్తే పోద్దండి. ఈయన పడిపోతే లేపడానికి మీరొస్తారా?"

కనకమ్మ అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసింది. వెంటనే మాత్ర వేసి తీసుకురమ్మన్నారు. తిట్టుకుంటూనే ఇంటికి నడిపించి, తన కళ్ల ముందే మింగించి, బస్సెక్కించింది. పరీక్షలు చేసి, స్టెంటు పూడలేదని, అదృష్టం బాగుందని చెప్పారు. ఇన్నాళ్లూ అదృష్టం మీదే బతికాడా అని ఆమె కోపం ఇంకా పెరిగింది.

మళ్లీ పనిలోకి వచ్చిన వారానికి ఓ కొమ్మ ఏడుకొండలు చేతిని గీరింది. నెత్తురు మణికట్టు దాకా కారింది. కళ్లు కనపడవా అని తిడుతూ కనకమ్మ చీర కొంగు అదిమిపట్టింది. ఎంతకీ ఆగని ఆ నెత్తుర్ని చూస్తుంటే ఆమెకు ఊపిరాడింది. కాయ మీద పడ్డ చుక్కను అదే కొంగుతో తుడిచి భాస్కరరావు గంపలో వేసింది.